తుడిచామనుకున్న పేర్లు

మాది మీర్‌పేట. ఎక్కడుందని అడిగేవాళ్ళకి దిల్‌సుఖ్‌నగర్ అవతల, కర్మన్‌ఘాట్ దాటాక అని గుర్తులు చెబుతూ ఉంటాను. మేము వచ్చేనాటికి ఇది గ్రామ పంచాయతీ. తరవాత మునిసిపాలిటీ అయింది. 2020 జనవరిలో కార్పొరేషనుగా మొదటి ఎన్నికలు చూసింది. 2025 చివర గ్రేటర్ హైదరాబాదులో కలిసింది. ఇన్ని మార్పులు జరిగినా మా ఇంటి కరెంటు బిల్లు మీద మాత్రం ఇప్పటికీ ఈ ఇల్లు మాకు అమ్మి వెళ్ళిపోయిన పెద్దమనిషి పేరే వస్తోంది. మార్పించుకోకపోవడం నా బద్ధకమే అనుకోండి. కానీ ఆ బిల్లు చేతికి వచ్చినప్పుడల్లా ఒక సంగతి గుర్తుకొస్తుంది. యజమాని మారడం వేరు, వస్తువును అంటిపెట్టుకున్న పాత పేరు పోవడం వేరు. మొదటిది రిజిస్ట్రారు కార్యాలయంలో ఒక పూటలో అయిపోతుంది. రెండోది ఎవరో ఒకరు పనిగట్టుకుని చేస్తే తప్ప కాదు.

ఇవాళ నేను రాయదలచుకున్నది ఇళ్ళ గురించి కాదు, కంప్యూటర్లలో వాడే హార్డు డిస్కుల గురించి. సాహిత్యం కోసం ఇటు తొంగిచూసే మిత్రులు ఇదెక్కడి గొడవ అని వెళ్ళిపోకండి. పాత పత్రికలు, దొరకని పుస్తకాలు, పెద్దల చేతిరాతలు స్కాన్ చేసి దాచుకునే పిచ్చి ఉన్నది మనకే. ఆ పిచ్చికి తగినంత డబ్బు చేతిలో లేక, ఒకరు వాడి వదిలేసిన డిస్కులు కొనుక్కునేదీ మనమే. కాబట్టి ఈ గొడవ మనదే.

మా నాన్నగారు నల్లగొండ జిల్లాలో పట్వారీగా పనిచేశారు. 1984లో ఆ పదవులు రద్దయ్యేదాకా చేశారు. పహాణీలో ఒక పేరు కొట్టివేయవలసి వచ్చినప్పుడు ఆయనకొక అలవాటుండేది. ముందు ఆ పేరును, తండ్రి పేరును, సర్వే నంబరును పైకి చదివేవారు. ఎదురుగా కూర్చున్న రైతు ‘అవునయ్యా, అదే’ అన్నాకే ఎర్ర సిరాతో గీత గీసేవారు. గీత కింద పాత పేరు కనబడుతూనే ఉండాలి, పక్కన తేదీ ఉండాలి. ఉద్యోగం పోయాక కూడా ఆయన రోజూ నోటుపుస్తకంలో రాసుకునేవారు. ఆ రోజు పడ్డ వాన, అంగడిలో ధాన్యం ధర, ఊళ్ళో చావులూ పెళ్ళిళ్ళూ, ఎప్పుడైనా ఒక సీసపద్యం. అలాంటివి పందొమ్మిది పుస్తకాలు నాకు దక్కాయి. వాటిని ఉద్యోగ విరమణ చేసిన కొత్తలో ఓపికగా, పేజీ పేజీ స్కాన్ చేశాను.

2020 అక్టోబరు 13 రాత్రి పడ్డ వాన ఈ వైపు వాళ్ళెవరూ మరిచిపోలేరు. మీర్‌పేట, సరూర్‌నగర్ ప్రాంతాల్లో ఎన్నో కాలనీలు నీట మునిగాయి. మిథిలానగర్ లాంటి చోట్ల రోజుల తరబడి నీళ్ళు నిలిచిపోయాయి. మాకు ఇక్కడ మంత్రాల చెరువు, పెద్దచెరువు, ఇంకా పైనా కిందా గొలుసుకట్టుగా చెరువులున్నాయి. కాగితాల మీద ప్లాట్లయి, రోడ్లయి, కాలనీల పేర్లు పెట్టుకున్న నేలకు అసలు తాను ఏమిటో నీటికి తెలుసు. నీరు పల్లమెరుగు అన్నారు పెద్దలు. ఆ రాత్రి అది తన పాత చిరునామా వెతుక్కుంటూ వచ్చింది. మా కింది వాటాలో అట్టపెట్టెలో ఉన్న నాన్నగారి నోటుపుస్తకాలు సిరా కరిగి ముద్దయిపోయాయి. ఇక మిగిలినవి స్కాన్లు. అవి రెండు డిస్కుల్లో, ఒకదానికొకటి అద్దంలాగా, ఒకే సమాచారంతో ఉండేవి. ఆ రెండు డిస్కులే ఇక మా నాన్నగారి చేతిరాత.

పత్రికల స్కాన్లు పెరిగి ఆ డిస్కులు నిండుతుంటే, రెండేళ్ళ కిందట వాడినవి మరో రెండు కొన్నాను. ఒక్కొక్కటి నాలుగు టెరాబైట్లు. జంట నగరాల్లో పాత కంప్యూటరు సామాను దొరికే చోట్లు తెలిసినవాళ్ళకు తెలుసు, అలాంటి ఒక దుకాణంలో. “ఫికర్ చెయ్యకుండ్రి సార్, ఫార్మాట్ కొట్టిచ్చిన” అన్నాడా అబ్బాయి. అబద్ధం చెప్పలేదు. నిజంగానే ఫార్మాట్ చేశాడు. ఇంటికి తెచ్చి బిగించి, కొత్త అర కట్టుకోబోతే కంప్యూటరు ఒప్పుకోలేదు. ఈ డిస్కు ఇదివరకే ఫలానా పేరు గల పూల్‌లో భాగం, ఆ పూల్ ఇంకా వాడుకలో ఉండవచ్చు, అయినా కావాలంటే బలవంతం చెయ్యి అన్నది.

ఇక్కడ కాస్త వివరం చెప్పాలి. పూల్ అంటే నాలుగు బావుల నీళ్ళు ఒక చెరువులోకి తెచ్చినట్టు, కొన్ని డిస్కులను కలిపి ఒకే పెద్ద నిల్వగా చూపించే ఏర్పాటు. సన్ మైక్రోసిస్టమ్స్ వాళ్ళు 2005లో లోకానికి విడుదల చేసిన జెడ్‌ఎఫ్‌ఎస్ ఇలాంటి వాటిలో పేరున్నది. లినక్సులో ఎల్‌వీఎం, ఎండీ రెయిడ్ అనేవి ఉన్నాయి. విండోస్‌లో 2012 నుంచి స్టోరేజ్ స్పేసెస్ ఉంది. ఏ ఏర్పాటులోనైనా ప్రతి డిస్కు తన ఒంటి మీద ఒక చీటీ మోస్తుంది. నేను ఫలానా పూల్ దాన్ని, నా తోడివాళ్ళు ఫలానావాళ్ళు, మేము కలిసేది ఇలా అని అందులో రాసి ఉంటుంది. దానినే మెటాడేటా అంటారు. మనిషి మర్చిపోయినా, కంప్యూటరు మారినా, డిస్కులు తమను తాము గుర్తుపట్టుకోవడానికి అదే ఆధారం.

ఆ చీటీ ఎక్కడుంటుందన్నదే అసలు చిక్కు. జెడ్‌ఎఫ్‌ఎస్ దానిని నాలుగు ప్రతులు రాస్తుంది. ఒక్కొక్కటి 256 కిలోబైట్లు. రెండు మొదట్లో, రెండు చివర. మొదట్లో ఏ ప్రమాదం జరిగినా చివరివి మిగలాలని ఆ ఏర్పాటు. ఎండీ రెయిడ్ చీటీ దాని వయసును బట్టి మారుతుంది. 0.90, 1.0 రకాలైతే చివర, 1.1 అయితే సరిగ్గా మొదట్లో, 1.2 అయితే మొదటి నుంచి 4 కిలోబైట్ల తరవాత. ఎల్‌వీఎం గుర్తు మామూలుగా రెండో సెక్టారులో ఉంటుంది. డిస్కును గదులుగా విభజించే జీపీటీ పట్టిక కూడా ఒక ప్రతి మొదట్లో, మరొక ప్రతి చిట్టచివర దాచుకుంటుంది. ఇక మనవాళ్ళు చేసే త్వరిత ఫార్మాటు ఏం చేస్తుంది? కొత్త ఫైలు వ్యవస్థకు అవసరమైన కొద్దిపాటి చోట్ల మాత్రం రాసి, పని అయిందంటుంది. తోకన ఉన్న చీటీల జోలికి పోదు. ఇంటి ముందు గోడకు సున్నం కొట్టి, పెరటి గోడ మీద పాత యజమాని పేరు అలాగే వదిలేయడం లాంటిది.

ఇంకొక చిత్రం చూడండి. జెడ్‌ఎఫ్‌ఎస్‌లో పూల్‌ను ధ్వంసం చేసే ఆజ్ఞ ఒకటుంది. దాని పేరే డిస్ట్రాయ్. అంత పేరు పెట్టుకుని అది చేసేదల్లా, ఈ పూల్ ధ్వంసమైంది అని ఆ చీటీలో రాయడమే. ధ్వంసమైన పూల్‌లను చూపించి, కావాలంటే తిరిగి నిలబెట్టే మార్గం కూడా అదే వ్యవస్థలో ఉంది. తొందరపడి తప్పు చేసినవాడికి అది దయ. డిస్కు అమ్ముకుని, అంతా పోయిందని నిశ్చింతగా నిద్రపోయేవాడికి అదే వల. యంత్రాలు వాడే మాటల్లో తొలగించు, ఫార్మాట్ చెయ్యి, ధ్వంసం చెయ్యి అన్నవేవీ నిఘంటువు అర్థంలో లేవు. భాష మీద ప్రేమ ఉన్నవాళ్ళం కనక మనం ముందుగా పట్టించుకోవలసింది ఈ మాటల మోసాన్నే.

నా డిస్కుల మీద కనబడిన పూల్ పేరు ఏదో రోగనిర్ధారణ కేంద్రం పేరులా ఉంది. రెండు డిస్కులూ ఒకే పూల్‌వి, ఒకదానికొకటి అద్దం. అంటే ఒక్క ఆజ్ఞతో ఆ పూల్ మొత్తం నా ముందు తెరుచుకుని ఉండేది. ఆ రోజు మా మేనల్లుడు పక్కనే ఉన్నాడు. “ఏముందో చూద్దామా మామయ్యా?” అన్నాడు. కుతూహలం నాకూ కలిగింది, లేదని బొంకను. కానీ అందులో ఉండగలిగేవి ఎవరి నెత్తురు పరీక్షలో, ఎవరి కడుపు ఫోటోలో. తలుపు గడియ పెట్టలేదని పరాయి ఇంట్లోకి వెళ్ళం కదా. వద్దన్నాను. దుకాణం అబ్బాయికి ఫోను చేసి చెబితే, “మీరు చూడలేదు గద సార్, ఇంకేంది?” అన్నాడు. అతనిని తప్పుపట్టడం సులభం. కానీ అతనికి ఆ డిస్కు అమ్మినవాళ్ళు, వాళ్ళ కంప్యూటర్ల వ్యవహారం చూసినవాళ్ళు, అందరూ ఫార్మాట్ అన్న ఒక్క మాటను నమ్ముకునే ఉంటారు.

ఇది మన ఊరి అజ్ఞానమని తల దించుకోనక్కరలేదు. సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలాట్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో వాడిన డిస్కులు 158 కొని పరీక్షించి, ఆ ఫలితాలను 2003లో ప్రచురించారు. వాటిలో 129 పనిచేశాయి. సరిగ్గా తుడిచి అమ్మినవి 12 మాత్రమే. మిగతావాటిలో క్రెడిట్ కార్డు నంబర్ల దగ్గర నుంచి వైద్య సంబంధమైన ఉత్తరాల దాకా దొరికాయి. ఆ తరవాత 2006లో అక్కడి ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్, డిస్కులు ఏ స్థాయిలో ఎలా తుడవాలో మార్గదర్శకాలు వెలువరించింది. మన దేశంలో 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబరులో దాని నియమాలు ప్రకటించారు. సేకరించిన పని తీరాక వ్యక్తిగత సమాచారాన్ని చెరిపేయాలన్నది ఆ చట్టంలోని ముఖ్యమైన మాట. మంచిదే. అయితే చట్టం సమాచారం సేకరించిన సంస్థను చూస్తుంది. డిస్కు మాత్రం ఆ సంస్థ గుమ్మం దాటి, మూడు చేతులు మారి, మీర్‌పేటలో నా బల్ల మీదికి వచ్చింది. ఇక్కడ తుడవవలసినవాణ్ణి నేనే.

తుడవడానికి కూర్చున్నాను. ఇక్కడే నా కథలో సిగ్గుపడవలసిన భాగం ఉంది.

పెట్టెలో నాలుగు డిస్కులున్నాయి. రెండు నావి, రెండు కొత్తగా కొన్నవి. నాలుగూ ఒకే కంపెనీవి, ఒకే పరిమాణంవి. నా పూల్‌కు ఏమీ కాకూడదని దానిని ముందు ఎక్స్‌పోర్ట్ చేశాను, అంటే మూట కట్టి పక్కన పెట్టాను. వాడుకలో ఉన్న పూల్ డిస్కు మీద చీటీ చెరపమంటే జెడ్‌ఎఫ్‌ఎస్ ఒప్పుకోదు. మూట కట్టిన దానిమీదైతే, ఇది ఫలానా పూల్‌ది సుమా అని పేరు చెప్పి, బలవంతం చేస్తే ఒప్పుకుంటుంది. జాగ్రత్త అనుకుని నేను చేసిన పని, ఉన్న కాపలాను సగం తీసివేసింది. తరవాత కేబుళ్ళు సర్ది కంప్యూటరును మళ్ళీ వెలిగించాను. లినక్సులో డిస్కులకు ఎస్‌డీఏ, ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అని వరుసగా పేర్లు వస్తాయి. అవి కుర్చీల నంబర్లు తప్ప మనుషుల పేర్లు కావు. మళ్ళీ వెలిగించినప్పుడు ఎవరు ముందు కూర్చుంటే వారికి ఆ నంబరు. ఉదయం నేను కాగితం మీద రాసుకున్నది ఎస్‌డీబీ. సాయంత్రం ఎస్‌డీబీలో కూర్చున్నది నా డిస్కు.

చీటీ చెరిపే ఆజ్ఞకు లేబుల్‌క్లియర్ అని పేరు. దాని చివర బలవంతం అనే అర్థం వచ్చే ఒక్క అక్షరం చేర్చాను. అది చేర్చకపోయి ఉంటే, నా పూల్ పేరు నా కళ్ళముందు పెట్టి కంప్యూటరు ఆగిపోయేది. పేరు చదివే అవకాశాన్ని ఆ ఒక్క అక్షరంతో నేనే వదులుకున్నాను. ఆజ్ఞ నెరవేరింది. నెరవేరినప్పుడు అది ఏమీ మాట్లాడదు. కాసేపటికి జాబితా చూస్తే పరాయి పూల్ చెక్కుచెదరకుండా ఉంది, నా పూల్ ఒంటి కన్నుతో నా వైపు చూస్తోంది.

మేనల్లుడికి ఫోను చేశాను. వాడు తిట్టలేదు. “మామయ్యా, ఇంకేం ముట్టుకోకండి. రెండో డిస్కుతో పూల్ తెరవండి. ముందు తాతయ్య పుస్తకాలు పెన్‌డ్రైవులోకి తీసుకోండి, మిగతాదంతా తరవాత” అన్నాడు. అలాగే చేశాను. ఆ తరవాత చెరిగిన డిస్కును మళ్ళీ పూల్‌లో చేర్చి, అద్దాన్ని పూర్తి చేయమన్నాను. ఆ పనికి జెడ్‌ఎఫ్‌ఎస్‌లో పెట్టిన పేరు రీసిల్వరింగ్, అంటే అద్దానికి వెనక కళాయి మళ్ళీ పూయడం. తెల్లవార్లూ సాగింది. ఆ రాత్రి ఎన్నిసార్లు లేచి చూశానో లెక్కలేదు. వరద ముంచగా మిగిలిన వాటిని నా వేలితో నేనే ముంచబోయానన్న ఊహ నిద్ర పోనివ్వలేదు. అద్దంగా ఉంచుకోవడం వేరు, వేరే చోట నకలు దాచుకోవడం వేరన్న సంగతి కూడా ఆ రాత్రే తలకెక్కింది. తప్పు రెండో డిస్కు మీద కూడా చేసి ఉంటే?

పొద్దున్నే ఇంకొక సంగతి తోచింది. ముందు రోజంతా నేను విసుక్కున్నది దేనిని? ఎంత తుడిచినా పోదేమని పరాయి డిస్కు మొండితనాన్ని. రాత్రంతా నేను మొక్కుకున్నది దేనికి? ఎంత దెబ్బ తగిలినా పోకూడదని నా డిస్కు మొండితనానికి. రెండూ ఒకే గుణం. మెటాడేటా నాలుగు చోట్ల దాక్కోవడం, ధ్వంసం చేసినా తిరిగి లేవడం లోపాలు కావు. మనలాంటి తొందరపాటు మనుషుల్ని ఎరిగినవాళ్ళు ముందుచూపుతో చేసిన ఏర్పాట్లు. లోపం యంత్రంలో లేదు. రాయడానికి పెట్టే శ్రద్ధలో పదోవంతు కూడా తుడవడానికి పెట్టని మన పద్ధతిలో ఉంది.

కాబట్టి ఇప్పుడు నేను పాటిస్తున్న పద్ధతి చెబుతాను. నచ్చితే మీరూ పాటించండి.

మొదటిది, తుడవవలసిన డిస్కు తప్ప మరేదీ పెట్టెలో ఉండకూడదు. మన డిస్కుల తీగలు ఊడదీసి పక్కన పెట్టడం కన్న పెద్ద కాపలా ఏ ఆజ్ఞలోనూ లేదు. రెండోది, కుర్చీ నంబరుతో పిలవకూడదు, డిస్కును దాని సీరియల్ నంబరుతో పిలవాలి. ఆ నంబరు డిస్కు మీది కాగితం పైన అచ్చై ఉంటుంది. లినక్సులో సీరియల్ నంబరుతో కూడిన శాశ్వతమైన పేర్లు కూడా దొరుకుతాయి. కాగితం మీదిదీ తెర మీదిదీ ఒకటేనని చూసుకోవాలి. మూడోది, ముందు చూడాలి, తరవాతే చెరపాలి. వైప్‌ఎఫ్‌ఎస్ అనే పరికరాన్ని డిస్కు పేరుతో మాత్రమే పిలిస్తే ఏ గుర్తులు ఎక్కడున్నాయో చెప్పి ఊరుకుంటుంది, దేనినీ ముట్టదు. పేరేమీ ఇవ్వకుండా జెడ్‌పూల్ ఇంపోర్ట్ అంటే తెరవగలిగే పూల్‌ల జాబితా మాత్రం చూపిస్తుంది. ఎండీ రెయిడ్‌ను చూడడానికి ఎండీఏడీఎంలో ఎగ్జామిన్ ఉంది.

నాలుగోది, పాత రెయిడ్, ఎల్‌వీఎం లాంటివి తగిలించగానే తమంతట తామే మేలుకుని ఉండవచ్చు. వాటిని ముందు ఆపాలి. ఆపనిదే చెరపబోతే డిస్కు పనిలో ఉందంటుంది. మనం విసుగుతో బలవంతం చేస్తాం. బలవంతం ఎక్కడికి దారితీస్తుందో చెప్పాను కదా. అయిదోది, లోపలి గదులు ముందు, ఇల్లు తరవాత. లినక్సు మీద జెడ్‌ఎఫ్‌ఎస్‌కు మొత్తం డిస్కు ఇచ్చినా అది లోపల ఒక విభాగం చేసుకుని దాని రెండు కొసల్లో చీటీలు పెట్టుకుంటుంది. విభాగాల పట్టికను మాత్రమే చెరిపితే చీటీలు లోపల అలాగే ఉంటాయి. రేపు అదే కొలతలతో మళ్ళీ విభాగం చేస్తే పాత పూల్ లేచి కూర్చుంటుంది. అందుకని ముందు ప్రతి విభాగం మీదా చీటీ చెరపాలి. జెడ్‌ఎఫ్‌ఎస్‌కు లేబుల్‌క్లియర్, ఎండీకి జీరో సూపర్‌బ్లాక్, ఎల్‌వీఎంకు పీవీరిమూవ్. ఆ తరవాతే రెండు కొసల్లోని జీపీటీ పట్టికలు. వైప్‌ఎఫ్‌ఎస్‌తో చెరిపేటప్పుడు చెరిపిన గుర్తుల నకలు దాచమనవచ్చు. మా నాన్నగారి ఎర్ర గీత కింద పేరు కనబడినట్టే, పొరపాటైతే వెనక్కి రావడానికి అదొక దారి. ఆరోది, అయ్యాక మళ్ళీ చూడాలి. జాబితా ఖాళీగా వచ్చిందాకా పని అయినట్టు కాదు.

ఇంతవరకు చేస్తే మీ కొత్త పూల్‌కు అడ్డు ఉండదు. కానీ పాత యజమాని పట్ల బాధ్యత ఇంకా తీరలేదు. మనం చెరిపింది ఇంటి ముందరి పేరుపలకలనే, లోపలి సామాను ఎక్కడిదక్కడే ఉంది. పట్టుదల ఉన్నవాడు ఏరుకోవచ్చు. అందుకని డిస్కు మొత్తం మీద సున్నాలు రాయించాలి. సెకనుకు 150 మెగాబైట్ల వేగంతో నాలుగు టెరాబైట్లకు ఏడున్నర గంటలు పడుతుంది. రాత్రి మొదలుపెట్టి పడుకుంటే తెల్లవారేసరికి అయిపోతుంది. తిరిగే పళ్ళేలున్న డిస్కులకు ఇది చాలు. ఎస్‌ఎస్‌డీలకు ఇది చాలదు. మనం రాసిన చోటే అవి రాస్తాయన్న నమ్మకం లేదు, మనకు కనబడని నిల్వ కూడా వాటికి ఉంటుంది. వాటికి డిస్కులోనే ఇమిడి ఉన్న సెక్యూర్ ఎరేజ్ లాంటి ఆజ్ఞ వాడాలి. విండోస్‌వాళ్ళు స్టోరేజ్ స్పేసెస్ డిస్కు మామూలు డిస్క్ మేనేజ్‌మెంటులో కనబడలేదని పాడైందనుకోకండి. దానిని ముందు పూల్ నుంచి విడిపించాలి.

ఇంత శ్రమ ఎందుకు, సుత్తితో పగలగొట్టి పారెయ్యండి అనే మిత్రులున్నారు. రహస్యాలు మరీ ఎక్కువున్న చోట అదీ అవసరమే కావచ్చు. కానీ ఇంకా పదేళ్ళు పనిచేయగల వస్తువును మన బద్ధకానికి బలిచేసి చెత్తకుప్పకు చేర్చడం నాకు న్యాయంగా తోచదు. నాలాంటివాడు కొత్తది కొనలేడు. కొనలేకపోతే ఎన్నో పాత పత్రికలు స్కాన్ కాకుండానే చెదలపాలవుతాయి. ఫార్మాట్ చాలదా అనేవారికి పైన చెప్పినదంతా జవాబు. పగలగొట్టడానికీ పైపైన పూయడానికీ మధ్య చదివి, చూసి, పూర్తిగా తుడిచే మార్గం ఒకటుంది. దానికి కావలసింది ఒక పూట ఓపిక. అమ్మేవాడు ఆ పూట వెచ్చించాలి. అతను వెచ్చించకపోతే కొన్నవాడు వెచ్చించాలి. ఇది అతని పని, నా పని కాదు అనుకుంటే ఎవరివో వైద్య పరీక్షలు బజారులో తిరుగుతూనే ఉంటాయి.

ఆ రోగనిర్ధారణ కేంద్రం డిస్కులు రెండింటినీ ఆ మరుసటి వారం, నా డిస్కులు బీరువాలో పెట్టి తాళం వేశాక, తుడిచాను. సీరియల్ నంబరు చివరి నాలుగు అంకెలు పైకి చదివాను. గదిలో ‘అవునయ్యా, అదే’ అనేవాళ్ళెవరూ లేరు కనక రెండోసారి నేనే చదివాను. పాత పూల్ పేరు కూడా చదివాను. ఆ పైన చెరిపాను. నాన్నగారి పందొమ్మిది పుస్తకాలు ఇప్పుడు మూడు చోట్ల ఉన్నాయి. వాటిలో ఒక చోటు ఈ ఇంటికి, ఈ చెరువులకు దూరంగా మేనల్లుడి ఇంట్లో ఉంది.

కరెంటు బిల్లు మీద పేరు మార్పించే పని మాత్రం ఇంకా మిగిలే ఉంది. ఈ వారంలో వెళతాను.